నాలుగో కంప్యూటర్ కంటే రెండో బ్యాటరీ ముఖ్యం

సర్పంచ్‌గారికి, వేదిక మీది పెద్దలకు, మన ఊరి కంప్యూటర్ సేవా కేంద్రం ప్రారంభానికి మిరప కోతలు మానుకుని వచ్చిన అక్కలకు నమస్కారం. పేర్లన్నీ చదవడం మొదలుపెడితే కరెంటు పోయేలోగా అవ్వదు, ఏమీ అనుకోకండి.

2006లో కేంద్రం కామన్ సర్వీస్ సెంటర్లకు ఆమోదం తెలిపింది. 2011లో మీసేవ, 2019లో ఆంధ్రలో గ్రామ సచివాలయాలు వచ్చాయి. రిబ్బన్లకు ఏనాడూ కొదవ లేదు. ఆ తర్వాత మూడో నెలలో ఏమవుతుందన్నదే నా బెంగ. ఇక్కడ నాలుగు డెస్క్‌టాప్‌లు, ఓ లేజర్ ప్రింటర్ పెట్టారు, సంతోషం. బ్యాటరీ ఒక్కటే పెట్టారు.

లెక్క చూడండి. 12 వోల్టుల 150 ఏహెచ్ (ఆంపియర్-అవర్) బ్యాటరీ అంటే, రెండూ గుణిస్తే, 1800 వాట్-అవర్లు, అంటే 1800 వాట్లు గంటసేపు. అది నాలుగు కాలాలు బతకాలంటే సగమే వాడుకోవాలి. ఇన్వర్టర్ తినేది పోను 750 మిగులుతుంది. మానిటర్‌తో కలిపి ఒక్కో డెస్క్‌టాప్‌కి దాదాపు 100 వాట్లు, ఫ్యాను, రౌటరు, ఫైబర్ పెట్టె అన్నీ కలిసి మరో 100. నాలుగూ నడిస్తే గంటన్నర. రెండే నడిస్తే రెండున్నర గంటలు. పల్లెలో మధ్యాహ్నం కరెంటు కోత ఎంతసేపో మీకు నేను చెప్పాలా?

ఇక లేజర్ ప్రింటర్. లోపల హీటర్ ఉంటుంది, ప్రింట్ కొట్టగానే 600 నుంచి 1000 వాట్లు లాగుతుంది. 850 వీఏ సామర్థ్యమున్న ఇన్వర్టర్ కుయ్యిమని పడిపోతుంది, సగం నింపిన దరఖాస్తు గాల్లో కలుస్తుంది. ఇంక్ ట్యాంక్ ప్రింటర్‌కి 20 వాట్లు చాలు. కాకపోతే వారానికో రంగు పేజీ కొట్టాలి, లేదంటే ఇంకు చిమ్మే హెడ్ ఎండిపోతుంది.

ఎర్తింగ్ గురించి, అంటే లీకైన కరెంటును భూమిలోకి పంపే ఏర్పాటు గురించి, చెబుదామనుకున్నాను. ఉండండి, ముందు మీ చేతులు చూపించండమ్మా.

మిరపకాయ కోసి, తొడిమలు తీసిన వేళ్లు ఇవి. గీతలు అరిగిపోయాయి. పీఎం కిసాన్ ఈకేవైసీకి, అంటే ఆధార్‌తో మనిషిని సరిచూసే పనికి, వేలు పెడితే మిషన్ తీసుకోదు. తప్పు మీది కాదు, మీ వేళ్లదీ కాదు. ఆపరేటర్ అమ్మాయీ, విను. బొటనవేలే పెట్టించాలని రూలేం లేదు, పది వేళ్లూ చూడు. ముందు సబ్బుతో కడిగించు, తుడిపించు. మరీ పొడిగా ఉంటే తడిగుడ్డతో ఒక్కసారి అద్దు. స్కానర్ అద్దం మీద ఎండ పడకూడదు, ఆ బల్ల కిటికీ దగ్గర్నుంచి జరుపు. అప్పటికీ కాకపోతే, ఆధార్‌కి ఫోన్ లింకై ఉంటే ఓటీపీ, లేదా ముఖం చూపించే పద్ధతి. అంతేగానీ "రేపు రా అవ్వా" అనొద్దు. ఆ రేపటికి ఆమె ఒక రోజు కూలి పోతుంది.

ఎర్తింగ్ మాట ఒక్క నిమిషంలో. మీటరుతో న్యూట్రల్‌కీ ఎర్త్‌కీ మధ్య కొలవండి. 5 వోల్టులు దాటితే ఎర్త్ గుంటలో ఉప్పు, బొగ్గు మళ్లీ వేయించండి. ఎండాకాలం రోజూ రెండు బిందెల నీళ్లు పోయండి. సీపీయూ ముట్టుకుంటే జివ్వుమనేది ఇందుకే.

సర్పంచ్‌గారూ, రిబ్బన్ కత్తిరించే ముందు ఓ చిన్న పని. ఆ లేజర్ ప్రింటర్ ప్లగ్గు ఇన్వర్టర్ లైన్లో ఉంది. తీయించండి.