తెలంగాణ నుంచి ఆంధ్రకి ఒక్క పార్సిల్

అందరికీ నమస్కారం. ఇంట్లోంచి బట్టలమ్మేవాళ్ళు ఎక్కువమంది వచ్చారు కాబట్టి ముందు జీఎస్టీ సంగతి చూద్దాం.

"నలభై లక్షల దాకా మనకి జీఎస్టీ రిజిస్ట్రేషన్ అక్కర్లేదట కదా" అంటారు. ఆ నలభై ఆంధ్రప్రదేశ్‌లో, అదీ సరుకులు మాత్రమే అమ్మేవాళ్ళకి. తెలంగాణలో సరుకులకైనా 20 లక్షలే. సేవలకి రెండుచోట్లా 20. ఈ అంకె లాభం కాదు, ఏడాది మొత్తం అమ్మకం. 500కి కొన్న కుర్తీని 650కి అమ్మితే లెక్కలోకొచ్చేది 650. అదే టోకు వ్యాపారే కస్టమరు పేర బిల్లు రాసి, సరుకు పంపి, మీకు కమీషన్ ఇస్తే మీ లెక్క ఆ కమీషన్ వరకే. 2025లో కర్ణాటకలో చిన్న దుకాణాలకి జీఎస్టీ నోటీసులొచ్చింది యూపీఐ జమలు చూసే. చిట్టీ డబ్బు, చుట్టాల డబ్బు పడే ఖాతాలో వ్యాపారం కలపకండి.

ఇక చాలామంది జారిపడే చోటు. ఏడాది అమ్మకం మూడు లక్షలే అయినా, హైదరాబాద్ నుంచి ఒక్క కుర్తీ విజయవాడ కస్టమరుకి పంపితే ఆ పరిమితి మీకు వర్తించదు, రిజిస్ట్రేషన్ తప్పనిసరి. ఇద్దరమూ తెలుగువాళ్ళమే కదా అంటే చట్టం వినదు. ఆన్‌లైన్ ట్యూషన్లు, డిజైనింగ్ లాంటి సేవలకి ఈ గొడవ లేదు, వాటికి 20 లక్షల దాకా రాష్ట్రం దాటినా ఫర్వాలేదు. ఆన్‌లైన్ సైట్లలో సొంత రాష్ట్రం వరకే సరుకు అమ్మేవాళ్ళకి 2023 అక్టోబరు 1 నుంచి వెసులుబాటు ఉంది: పరిమితి లోపు ఉంటే పాన్‌తో జీఎస్టీ పోర్టల్‌లో ఎన్‌రోల్‌మెంట్ నంబరు తీసుకుంటే చాలు.

జీఎస్టీ రిజిస్ట్రేషన్ దరఖాస్తుకి ప్రభుత్వ ఫీజు లేదు. ఆగిపోయేది అడ్రసు దగ్గర. కరెంటు బిల్లు మామగారి పేర, దరఖాస్తు కోడలి పేర ఉంటుంది. బిల్లుతోపాటు ఆయన సంతకంతో సమ్మతి పత్రం జతచేయండి. అధికారి వివరణ అడిగితే జవాబుకి 7 పనిదినాలే గడువు. దరఖాస్తులో మీది కాకుండా ఏజెంటు ఫోను నంబరు ఇచ్చారా, ఆ మెసేజ్ మీకు చేరదు.

అవసరం లేకపోయినా జీఎస్టీ నంబరు తీసుకున్నవాళ్ళు అమ్మకం సున్నా అయినా రిటర్న్, అంటే లెక్కల పత్రం, వెయ్యాలి. సున్నా రిటర్ను ఆలస్యానికి రోజుకి 20 రూపాయలు, గరిష్ఠంగా 500. నంబరు లేనివాళ్ళు బిల్లు మీద జీఎస్టీ వసూలు చెయ్యకూడదు.

చిన్న వ్యాపారాలకి కేంద్ర ప్రభుత్వం చేసే ఉద్యం నమోదు ఉచితం, అది లైసెన్సు కాదు. డబ్బడిగే సైటు సర్కారుది కాదు. దుకాణం తెరిస్తే మున్సిపాలిటీ ట్రేడ్ లైసెన్సు, కార్మిక శాఖ నమోదు వేరే ఉంటాయి.

కారం బస్తా కొని పావుకిలో పాకెట్లు కట్టేవాళ్ళు అమ్మకందారులే కాదు, ప్యాకర్లు కూడా. ఆహార భద్రత చూసే ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ ఇచ్చే 14 అంకెల నంబరు, తూనికలు కొలతల శాఖలో ప్యాకరుగా నమోదు, పాకెట్ మీద పేరు, చిరునామా, నికర బరువు, ఎంఆర్‌పీ, ఫిర్యాదుకి ఫోను నంబరు ఉండాలి. ఎలక్ట్రానిక్ కాటాకి ఏటా ముద్ర వేయించాలి.

బొమ్మల గురించి ఎవరో చీటీ పంపారు. 2021 జనవరి 1 నుంచి ఐఎస్‌ఐ మార్కు లేని ఆటబొమ్మలు అమ్మకూడదు. చేసినవాళ్ళకే కాదు, అమ్మినవాళ్ళకీ కేసే. జీఐ (ఫలానా ఊరి సరుకని ఇచ్చే భౌగోళిక) గుర్తింపు కింద అధీకృత కళాకారులు చేసిన కొండపల్లి, ఏటికొప్పాక బొమ్మలకి మాత్రం మినహాయింపుంది.