కుష్మండి కొయ్య ముఖాలు

శ్రోతలకు నమస్కారం.

పశ్చిమ బెంగాల్‌లో, బంగ్లాదేశ్ సరిహద్దును ఆనుకుని దక్షిణ దినాజ్‌పూర్ అనే జిల్లా ఉంది. అందులో కుష్మండి ప్రాంతం, అక్కడే మహిష్‌బథాన్ అనే ఊరు. ఆ చుట్టుపక్కల ఉండే రాజవంశీ అనే సముదాయం వాళ్లు కొయ్య దుంగను తొలిచి మాస్కులు చేస్తారు. బెంగాల్ వెళ్లినవాళ్లు హస్తకళల మేళాల్లో వీటిని చూసి ముచ్చటపడి కొంటారు. నేనూ ఒకటి తెచ్చుకున్నాను. గుడ్లురిమే కళ్లు, బయటికి పొడుచుకొచ్చిన కోరలు. ఇంటికి వచ్చినవాళ్లు మొదట అడిగేది, "ఇలాంటిది ఇంట్లో పెట్టుకోవచ్చా?" అనే. భయం అక్కర్లేదు. కానీ అది ఎవరి ముఖమో తెలుసుకోవాలి.

ఆ ఊళ్లలో గోమీరా అనే నాట్యం ఉంది. వైశాఖం నుంచి ఆషాఢం దాకా, ఊరి దేవత కోసం ఆడతారు. పాట ఉండదు, ఢాక్ అనే పెద్ద డోలు, కంచు వాద్యం మోగుతుంటే మాస్కులు కట్టుకుని ఆడతారు. ఆడేది మగవాళ్లే, ఆడ పాత్రలు కూడా వాళ్లవే. ముసలాయన, ముసలమ్మగా వచ్చేది శివపార్వతులు. నరసింహుడు వస్తాడు, చాముండి వస్తుంది. మాస్కు కట్టుకున్నవాడికి పూనకం వస్తుందని వాళ్ల నమ్మకం. అనుకున్న పని నెరవేరితే ఊరి దేవతకు మాస్కు చేయించి మొక్కు చెల్లించేవాళ్లూ ఉన్నారు. అలాంటిది అమ్మకానికి పెట్టే వస్తువు కాదు. మేళాల్లో దొరికేవి అమ్మడానికే చెక్కినవి, నిశ్చింతగా కొనుక్కోవచ్చు. ఆ అమ్మకాల వల్లే చెక్కేవాళ్ల చేతికి ఏడాది పొడవునా పని దొరుకుతుంది. ఊళ్లో వాళ్లకు సహకార సంఘం ఉంది. 2018లో ఈ మాస్కులకు భౌగోళిక గుర్తింపు, అంటే జీఐ ట్యాగ్, వచ్చింది.

మాస్కు చేతికి తీసుకున్నప్పుడు దాన్ని వెనక్కి తిప్పి చూడండి. నాకు అసలు అందం అక్కడే కనిపిస్తుంది. ముందువైపు నున్నగా చేసి రంగు వేస్తారు గానీ, లోపలి గుంటలో ఉలి దెబ్బలు అలాగే ఉంటాయి. ఒక్కో దెబ్బ ఎటు నుంచి ఎటు పడిందో వేలితో తడిమితే తెలుస్తుంది. వాళ్లు ఎక్కువగా వాడే గమార్ కొయ్య మనకు కొత్తదేమీ కాదు, మనం గుమ్మడి టేకు అనే చెట్టే. తేలిగ్గా చెక్కుడుకు లొంగుతుంది. కట్టుకుని ఆడటానికి చేసినదైతే కళ్ల దగ్గర చూపు ఆనేలా రంధ్రాలు ఉంటాయి. గోడకు వేలాడదీయడానికి చేసినదానికి అవి లేకపోయినా తప్పు లేదు.

ఇంటికి తెచ్చాక నేరుగా ఎండ పడేచోట, చెమ్మ పట్టిన గోడకు పెట్టకండి, కొయ్య పగులుతుంది లేదా బూజు పడుతుంది. తడిగుడ్డ వద్దు, మెత్తని పొడి బ్రష్ చాలు. కింద సన్నటి పొడి రాలుతుంటే పురుగు పట్టిందన్నమాట, వెంటనే మిగతా చెక్క సామానుకు దూరంగా పెట్టండి.

కొనేటప్పుడు ఇంకొక్క పని చేయండి. అది ఏ పాత్ర, ఎవరు చెక్కారు అని అడిగి, ఆ రెండు పేర్లూ వెనకవైపు పెన్సిల్‌తో రాసిపెట్టుకోండి. మీ పిల్లలు ఎప్పుడైనా అది ఎవరు చేశారని అడిగితే, చెప్పడానికి మీకు ఒక మనిషి పేరు ఉంటుంది.

నమస్కారం.