పదవి దిగిన తర్వాత వచ్చే ఉత్తరాలు

(వ్యక్తిగత కార్యదర్శులుగా శిక్షణ పూర్తి చేసుకుంటున్న వారిని ఉద్దేశించి చేసిన ప్రసంగం)

అందరికీ నమస్కారం.

పదవిలో ఉన్న నాయకుడికి ఉత్తరం వస్తే దానికొక దారి ఉంటుంది. ఏ శాఖకు పంపాలో, ఏ అధికారి చూడాలో మనకు తెలుసు. పదవి దిగిన మర్నాడే ఆ దారులు మూసుకుపోతాయి. ఉత్తరాలు మాత్రం ఆగవు. ఉద్యోగం ఇప్పించమనేవారు, పుస్తకానికి ముందుమాట అడిగేవారు, ఎప్పుడో ఒక సభలో చేయి కలిపిన సంగతి గుర్తుచేసేవారు, ఇంకెవరికి చెప్పుకోవాలో తెలియక రాసేవారు, అందరూ రాస్తూనే ఉంటారు. వాళ్లకు ఇవ్వడానికి మాజీ నాయకుడి దగ్గర మిగిలేది జవాబు ఒక్కటే. అదీ మన చేతుల మీదుగానే వెళ్తుంది. అందుకే ఈ పనిని ఎవరైనా గుమాస్తాగిరీ అని తీసిపారేస్తే నాకు బాధ కలుగుతుంది.

ఈ భారం కొత్తది కాదు. థామస్ జెఫర్సన్ 1809లో అమెరికా అధ్యక్ష పదవి నుంచి దిగి మాంటిసెల్లోలోని తన ఇంటికి చేరుకున్నారు. వచ్చిన ఉత్తరాలకూ, రాసిన ఉత్తరాలకూ ఆయన పట్టిక ఉంచేవారు. 1820లో తనకు వచ్చినవి లెక్కపెడితే 1,267 తేలాయని 1822లో, తనకు ముందు అధ్యక్షుడిగా చేసిన జాన్ ఆడమ్స్‌కు రాశారు. అప్పటికి ఆయన వయసు 79 ఏళ్లు, మణికట్టు సహకరించడం లేదు. వాటిలో చాలా ఉత్తరాలు ఎంతో వెతికి, ఆలోచించి జవాబు రాయవలసినవి. ఆయన బల్ల మీద పాలిగ్రాఫ్ అనే పరికరం ఉండేది. ఒక కలంతో రాస్తుంటే దానికి జోడించిన రెండో కలం పక్క కాగితం మీద అదే రాస్తూ పోతుంది. ఆ నకళ్లు ఉండబట్టే ఆయన ఎవరికి ఏం చెప్పారో ఇవాళ మనం చదవగలుగుతున్నాం. మీరూ పంపిన ప్రతి జవాబుకూ నకలు ఉంచండి. ఇన్‌వార్డు రిజిస్టరులో నంబరు పడని ఉత్తరం మీ బల్ల మీద ఒక్క రాత్రి కూడా ఉండకూడదు.

హ్యారీ ట్రూమన్ సంగతి ఇంకా కష్టం. 1953 జనవరిలో ఆయన పదవి దిగే నాటికి అమెరికాలో మాజీ అధ్యక్షులకు పింఛను లేదు, సిబ్బందికి నిధులు లేవు. పాత సైనిక పింఛను నెలకు 112 డాలర్ల చిల్లర వచ్చేది. వైట్ హౌస్‌లో ఆయన కార్యదర్శిగా ఉన్న రోజ్ కాన్వే ఆయన వెంటే మిస్సోరికి వచ్చి అదే పని కొనసాగించారు. గుట్టలుగా వచ్చే ఉత్తరాలకు జవాబులు పంపే ఖర్చు ఆయనదే. చివరికి 1958లో చట్టం వచ్చింది. ఏడాదికి 25,000 డాలర్ల పింఛనుతో పాటు సిబ్బంది జీతాలకు నిధులు, తపాలా ఖర్చు లేకుండా ఉత్తరాలు పంపుకునే వీలు అందులో ఉన్నాయి. ఉత్తరానికి జవాబివ్వడం కూడా ప్రజల పనేనని ఒక దేశం చట్టంలో రాసుకున్నదన్నమాట. నాకు ఆ చట్టంలో నచ్చిన భాగం అదే.

ట్రూమన్‌కు కోపం ఎక్కువ. కోపంలో రాసి, పంపకుండా ఉంచేసిన ఉత్తరాలు ఆయన కాగితాల్లో చాలానే దొరికాయి. నేను పనిచేసిన పెద్దాయనకూ ఆ గుణం ఉండేది. ఘాటుగా డిక్టేషన్ ఇచ్చిన రోజున నేను ఎదురు చెప్పేవాణ్ణి కాదు. టైపు చేసి, సంతకాల ఫైల్లో అన్నింటికన్నా అడుగున పెట్టి, మర్నాడు పొద్దున పైకి తెచ్చేవాణ్ణి. సగం ఉత్తరాలను ఆయనే చించేసేవారు. మిగతా సగం పంపమంటే మాట మార్చకుండా పంపాను. మన ఇష్టానికి మెత్తబరచే హక్కు మనకు లేదు. సంతకం ఆయనది.

నెల్సన్ మండేలా 1999లో పదవి విడిచి, 2004లో ప్రజాజీవితం నుంచి కూడా తప్పుకుంటున్నానని ప్రకటిస్తూ, మీరు నాకు ఫోను చేయకండి, అవసరమైతే నేనే చేస్తానని అన్నారు. అందరూ నవ్వారు. ఆ మాట తర్వాత వచ్చిన ఆహ్వానాలన్నింటికీ కుదరదని చెప్పే పని ఎవరి మీద పడుతుందో ఆలోచించండి. 1994లో ఆయన కార్యాలయంలో టైపిస్టుగా చేరి, చివరిదాకా వెంట ఉన్న జెల్డా లా గ్రాంజ్ వంటి కార్యదర్శి మీదే. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడన్న మాట మన వెనక ఎప్పుడూ వినిపిస్తూనే ఉంటుంది. పడవలసిందే. అయితే ఏ ఉత్తరం లోపలికి వెళ్లాలన్న నిర్ణయంలో మన ఇష్టాయిష్టాలు దూరితే ఆ మాట నిజమవుతుంది.

నా తప్పు ఒకటి చెప్పాలి. మా పెద్దాయన పదవి దిగిన రెండో ఏడాది, ఆయన పాత సహచరుడొకరి నుంచి మూడు పేజీల ఉత్తరం వచ్చింది. సన్నటి చేతిరాత. మొదటి పేజీ అంతా మనవరాలి పెళ్లి కబుర్లు. ఆరోజు తపాలు కట్ట పెద్దది. నేను ఆ పేజీ చదివి, శుభాకాంక్షల జవాబు టైపు చేసి, తక్కిన ఉత్తరాలతో కలిపి సంతకానికి పెట్టాను. వారం తర్వాత మా జవాబు అదే కవరులో తిరిగి వచ్చింది. దాంతోపాటు ఒక చిన్న చీటీ: "రెండో పేజీ చూడలేదనుకుంటాను." తీసి చూశాను. పెళ్లయిన పదిరోజులకు ఆయన భార్య కన్నుమూసింది. ఆమె చివరి రోజుల్లో మా పెద్దాయన పేరు తలచుకున్న సంగతి రాశారు. ఆ ఉత్తరం రాసిందే అందుకు.

ఆ ఉత్తరం, చీటీ రెండూ తీసుకెళ్లి పెద్దాయన ముందు పెట్టాను. ఆయన మూడు పేజీలూ చదివారు. నన్ను ఒక్క మాట అనలేదు. తెల్లకాగితం అడిగి, వణుకుతున్న చేత్తో గంటసేపు రాశారు. దాన్ని నేను టైపు చేయలేదు. నకలు తీయమని ఆయన చెప్పలేదు, నేనూ అడగలేదు. రిజిస్టరులో ఆ నంబరుకు ఎదురుగా "స్వదస్తూరి" అని మాత్రం రాసి ఉంటుంది.

ఆ మర్నాటి నుంచి నేను సంతకానికి పెట్టిన ప్రతి జవాబు కిందా వచ్చిన ఉత్తరం జతచేశాను, చివరి పేజీ పైకి వచ్చేలా.