మెళియాపుట్టి కొండల్లో గబ్బిలాయిల ఇల్లు

శ్రోతలకు నమస్కారం.

మా శ్రీకాకుళం వైపు గబ్బిలాన్ని గబ్బిలాయి అంటాం. ఇంట్లోకి వస్తే కీడని చీపురు పట్టుకుని వెంటపడతాం. చిన్నప్పుడు నేనూ అలా తరిమినవాణ్నే. కిందటి మార్చిలో నేనే వాటి ఇంటికి వెళ్లాను. ఆ సంగతి చెబుతాను.

మెళియాపుట్టి దాటాక ఒక సవర తాత దారి చూపించాడు. ముందు జీడితోటలు, ఆ పైన ఇప్పచెట్లు, ఇంకా పైన ఒకదాని మీద ఒకటి పేర్చినట్టు పెద్ద పెద్ద బండలు. రాయి ఎర్రగా, గరుగ్గా ఉంది. చేత్తో రుద్దితే పొడి రాలుతోంది. చూసినవాళ్లు ఇసుకరాయి అనేస్తారు. దీని అసలు పేరు ఖోండలైట్. ఒకప్పటి బంకమట్టి, ఇసుక పొరలే భూమి లోతుల్లో వేడికీ ఒత్తిడికీ ఇలా మారిపోయాయి. తూర్పు కనుమల్లో బతికే ఖోండు గిరిజనుల పేరే దీనికి పెట్టారు. కోణార్క గుడి కట్టిందీ ఎక్కువగా ఈ రాయితోనే. ముఖం దగ్గర పెట్టుకుని చూస్తే కందిగింజంత ముదురు ఎరుపు గింజలు కనబడతాయి. అవి గార్నెట్లు.

గుహ అనగానే మనకు బొర్రా గుర్తొస్తుంది. అక్కడ నీళ్లు సున్నపురాయిని కరిగించాయి. ఇక్కడ అలా కాదు. ఎండకూ వానకూ పగుళ్లు పెద్దవై, బండలు విడిపోయి జారి, ఒకదానికొకటి ఆనుకుని నిలిచాయి. ఆ సందే గుహ. ఒక మనిషి పాకి వెళ్లగలిగేంత నోరు.

తాత వెంటనే లోపలికి పోనివ్వలేదు. "ఆగు బావూ, ఎలుగొడ్డు ఉందేటో సూడాల" అని వంగి వాసన పట్టాడు, మట్టిలో అడుగుల కోసం వెతికాడు. ఉద్దానం జీడితోటల్లో ఎలుగుల దాడికి మనుషులే పోయారు కాబట్టి ఈ జిల్లాలో అది ఉత్తి భయం కాదు. అడుగులేమీ లేవు. నలుపు తెలుపు చారల ఏదుముల్లు ఒకటి దొరికింది, అంతే.

గబ్బిలాల పెంటలో పెరిగే బూజు ఊపిరితిత్తులకు చేటు, అందుకని మాస్కు కట్టుకున్నాను. టార్చికి ఎర్ర కాగితం చుట్టాను. రెండు బారలు పాకాక లేచి కూర్చునేంత చోటు వచ్చింది. బయటికన్నా చల్లగా ఉంది. కళ్లు మండేంత ఘాటు వాసన. చీకట్లోంచి టక్ టక్ మని సన్నని చప్పుడు. పండ్లు తినే గబ్బిలాలు చాలామటుకు కళ్లతోనే దారి చూసుకుంటాయి. గుహల్లో ఉండే ఈ రకం మాత్రం నాలుకతో అలా చప్పుడు చేసి, అది తిరిగొచ్చే తీరును బట్టి గోడ ఎక్కడుందో పోల్చుకుంటుంది. పక్క పగులులో ఇంకో రకం ఉన్నాయి. చిన్నవి, ముక్కు మీద ఆకులాంటి మడత, తినేది పురుగుల్ని. అవి ఎంత అరిచినా మనకు వినబడదు. మన చెవికి హద్దు 20 కిలోహెర్ట్‌జ్ అయితే వాటి అరుపు 100 దాటుతుంది.

చేయి చాపితే అందేంత దూరంలో ఒక తల్లి వేలాడుతోంది. కుక్కపిల్ల మొహం, తేనెరంగు బొచ్చు. రెక్క కాస్త సడలించింది. లోపల పొట్టను కరుచుకుని ఒక పిల్ల. వీటికి కాన్పుకు ఒక్కటే పిల్ల. తల్లి బెదిరి ఎగిరితే అది జారి రాళ్ల మీద పడొచ్చు. నాకు టెన్షన్ వచ్చేసింది. టార్చి ఆర్పేసి, వచ్చినదారినే వెనక్కి పాక్కుంటూ బయటపడ్డాను. లోపల రెండు నిమిషాలు కూడా ఉండలేదు.

అప్పుడు కనబడింది గుహ నోటి దగ్గర మసి. 2018లో కేరళలో నిపా వైరస్ జబ్బు వచ్చిందన్న వార్త విని ఎవరో ఎండుగడ్డి తెచ్చి పొగ పెట్టారట. అంతకుముందు కప్పంతా నల్లగా నిండి ఉండేదనీ, ఇప్పుడు సగమే ఉన్నాయనీ తాత చెబుతుంటే నాకు కడుపు తరుక్కుపోయింది. నిపా గబ్బిలాల నుంచి రావచ్చు, కాదనను. కొరికిన పండు తినకండి, మూత లేని కల్లుకుండ జోలికి పోకండి, గబ్బిలాన్ని చేత్తో ముట్టుకోకండి. పొగ మాత్రం పెట్టకండి. గూడు చెదిరితే అవి వచ్చేది మన ఊళ్ల మీదికే. 1972 వన్యప్రాణి చట్టం కూడా పండ్ల గబ్బిలాలను ఎలుకలతో, కాకులతో కలిపి హానికర జంతువుల జాబితాలో పెట్టింది. 2022 సవరణతో ఆ జాబితానే తీసేశారు. యాభై ఏళ్లు పట్టింది!

పొద్దు వాలాక ఇప్పచెట్టు కింద కూర్చున్నాం. ముందు చిన్నవి బిలబిలమంటూ పొలాల వైపు వెళ్లిపోయాయి. బాగా చీకటి పడ్డాక పెద్దవి వచ్చి పూలగుత్తులకు వేలాడాయి. "ఈటి మూతికి ఆ పిండి అంటుకుంటేనే కాయ కాస్తాది బావూ" అన్నాడు తాత. పిండి అంటే పుప్పొడి. ఆ కాయలోంచే వాళ్లింటి ఇప్పనూనె.

ఆ రాత్రి వాళ్లింట్లోనే పడుకున్నాను. తెల్లారేసరికి చెట్టు కింద నేలంతా ఇప్పపూలు. తాత మనవరాలు బుట్టలోకి ఏరుతోంది. పంటిగాట్లు పడ్డవాటిని మాత్రం ఏరకుండా వదిలేస్తోంది. ఎందుకమ్మా అంటే, "అవి గబ్బిలాయిలవి" అంది.