రాయి బూడిద రంగు, చిరుత పసుపు: మరి కంటికి ఎందుకు చిక్కదు?

దృశ్యం: కళ్యాణదుర్గం వైపు గుండ్ల కొండ. సాయంకాలపు ఎండ.

వ్యాఖ్యానం: అనంతపురం జిల్లాలో ఇలాంటి గుండ్ల సందుల్లో చిరుతలు కాపురం ఉంటాయి. రాయి బూడిద రంగు, చిరుత ఒళ్లు పసుపు. రెండింటికీ పొంతన లేదు. అయినా పది అడుగుల దూరంలో పడుకున్నా ఆనవాలు పట్టలేం. పిల్లి జాతి జంతువులు నేల రంగును అచ్చంగా పులుముకోవు. అక్కడి వెలుతురుకూ, తాము వేటాడి తినే జీవి కంటికీ తగ్గట్టు వాటి రంగు కుదురుతుంది.

దృశ్యం: చిల్లకంప నీడలు. వాటి మీద చిరుత మచ్చల బొమ్మ.

వ్యాఖ్యానం: కంపచెట్ల కింద నీడ ముక్కలు ముక్కలుగా పడుతుంది. చిరుత మచ్చలు ఆ ముక్కల్లో కలిసిపోయి ఒంటి అంచును చెరిపేస్తాయి. పైగా అది ఎక్కువగా వేటాడేది మసక చీకట్లో.

దృశ్యం: ఆత్మకూరు దాటాక నల్లమల. బోద గడ్డిలో పెద్దపులి.

వ్యాఖ్యానం: పచ్చని అడవిలో ఇంత నారింజ రంగేమిటి? మనకు కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది నిజమే. కానీ దుప్పి కంటికి ఎరుపు, ఆకుపచ్చల తేడా తెలియదు. దానికి పులి కూడా గడ్డి రంగులోనే ఉంటుంది. క్షీరదాల వెంట్రుకల్లో ఆకుపచ్చ రంగు తయారే కాదు. ఉన్న రంగులతోనే పులి పని గడుపుకుంది.

దృశ్యం: కర్నూలు జిల్లా కొర్ర చేను గట్టు. జంగపిల్లి.

వ్యాఖ్యానం: దీని ఒంటి మీద మచ్చల్లేవు, ఎండుగడ్డి రంగు. పిల్లగా ఉన్నప్పుడు చారలుంటాయి, పెరిగాక కాళ్ల మీద మాత్రం లీలగా మిగులుతాయి. బ్రిస్టల్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2011లో 35 రకాల పిల్లి జాతులను పోల్చి చూశారు. చెట్ల మీద, రాత్రివేళ తిరిగేవాటికి చిక్కని మచ్చలు, బయలు ప్రాంతాల్లో తిరిగేవాటికి సాదా ఒళ్లు ఉండే అవకాశం ఎక్కువని తేలింది. చీతా లాంటి కొన్ని ఈ లెక్కకు లొంగలేదు: చీతాది బయల్లోనే పరుగు, ఒళ్లంతా చుక్కలు!

దృశ్యం: దట్టమైన వానల అడవి. నల్ల చిరుత.

వ్యాఖ్యానం: తేమ ప్రాంతాల్లో జంతువుల రంగు ముదురుతుందని జర్మన్ జంతు శాస్త్రవేత్త గ్లోగర్ 1833లోనే రాశాడు. మలయా ద్వీపకల్పంలో చిరుతల్లో అత్యధికం నల్లవే. తల్లి నుంచీ తండ్రి నుంచీ నలుపు జన్యువు అందితేనే చిరుత నల్లగా పుడుతుంది. వెలుతురు చొరబడని అడవిలో అది చెల్లిపోయింది. మచ్చలు మాయం కావు, పరారుణ కెమెరాలో స్పష్టంగా కనిపిస్తాయి.

దృశ్యం: ఒడిశా సిమిలిపాల్. చారలు కలిసిపోయిన నల్ల పులి.

వ్యాఖ్యానం: ఇది చూసి అడవే నల్లబరిచిందనుకోవద్దు. 2021లో బెంగళూరు శాస్త్రవేత్తల బృందం జన్యువులు చూసింది. సిమిలిపాల్ పులులు మిగతా అడవులతో సంబంధం తెగి, తమలో తామే జతకట్టడంతో ఒక అరుదైన జన్యు మార్పు అక్కడ పెరిగిపోయింది. రంగు మారడానికి యాదృచ్ఛికమూ చాలు.

దృశ్యం: పటం. నల్లమల, లంకమల, పాలకొండలు, శేషాచలం.

వ్యాఖ్యానం: మన పులులకు ఆ గతి పట్టకుండా కాసేది కడప జిల్లా మీదుగా సాగే ఈ కొండల వరుసే. నల్లమల నుంచి శేషాచలం దాకా అవి నడిచే దారి ఇదే.