గడగడా మాట్లాడే పిల్లల్లో ఆస్పర్జర్స్ లక్షణాలు ఎలా గమనించాలి
హాయ్ అండి, ముందు పేరు సంగతి తేల్చేద్దాం. ఆస్పర్జర్స్ అంటే మాటలు బాగానే వచ్చినా నలుగురితో మాట కలపడంలో ఇబ్బంది ఉండే ఒక రకం ఆటిజం. 2013లో డీఎస్ఎం-5, అంటే డాక్టర్లు మానసిక సమస్యల్ని గుర్తించడానికి వాడే అమెరికన్ పుస్తకం, వచ్చినప్పుడు ఆస్పర్జర్స్‌ని ఆటిజం స్పెక్ట్రమ్‌లో కలిపేశారు, అందుకే రిపోర్ట్‌లో ఆస్పర్జర్స్ బదులు ఆటిజం స్పెక్ట్రమ్ అని ఉంటే కంగారుపడకండి.

ఈజీగా కనిపించే లక్షణాలు చకచకా చెప్పేస్తా, స్క్రీన్ మీద ఉన్నాయి, పాజ్ చేసుకోండి. మిక్సీ సౌండ్‌కి చెవులు మూసుకోవడం, చొక్కా లేబుల్ గుచ్చుకుంటోందని ఏడవడం, స్కూల్‌కి వెళ్లే దారి మారితే గొడవ, కడుపులో ఎలకలు పరిగెడుతున్నాయి అంటే ఎక్కడున్నాయని నిజంగానే వెతకడం. ఏదో ఒక్కటి ఉంటే ఏం కాదు, చాలామంది పిల్లలకి ఉంటుంది.

ఇదిగో, ఇక్కడ ఆగుదాం. ఈ క్లిప్‌లో మా అక్క కొడుకు, ఐదేళ్లు, అక్కని అడిగే పెడుతున్నా, మొహం బ్లర్ చేశా. లిఫ్ట్‌లో పక్కింటి అంకుల్ "ఏం నాన్నా, టిఫిన్ తిన్నావా" అన్నారు, వీడేమో బోర్డు చూస్తూ "13 మంది, 884 కేజీలు" అన్నాడు. "స్కూల్ లేదా ఇవాళ" అన్నారు, మళ్లీ లిఫ్టే. ఇంకోసారి వేస్తా చూడండి... మాట ఎంత స్పష్టంగా ఉందో! ఆస్పర్జర్స్‌లో సాధారణంగా మాటలు ఆలస్యం కావు, అందుకే ఇంట్లో "వీడికేంటి, గడగడా మాట్లాడతాడు" అనేస్తారు. అవతలివాళ్లు అడిగినదానికి జవాబు వచ్చి, మాట అటూ ఇటూ సాగుతోందా లేదా, అది చూడండి. ఆడపిల్లలైతే తోటివాళ్లని చూసి అలాగే చేసేస్తారు, ఇంకా ఆలస్యంగా బయటపడుతుంది.

ఇంకోటి, మన బెంగళూరులో ఇంట్లో తెలుగు, కింద పార్కులో కన్నడ, స్కూల్లో ఇంగ్లీష్, అందుకే ఇలా అయ్యాడు అంటారు. ఎక్కువ భాషల వల్ల ఆటిజం రాదండీ, దయచేసి తెలుగు మానిపించకండి.

ఇప్పుడు ఫోన్, డాక్టర్‌కి చూపించడానికి వీడియో తీయాలి కదా. స్టాండ్ అక్కర్లేదు, వాటర్ బాటిల్‌కి ఆనించి, వేరే పిల్లలతో ఆడుకుంటుంటే రెండు మూడు నిమిషాలు తీయండి, "ఇటు చూడు నాన్నా" అనొద్దు. నేనైతే వాట్సాప్‌లో నాకు నేనే పంపుకుంటా, డేట్ దానంతటదే పడుతుంది, నోట్స్ యాప్ కంటే అదే బెటర్.

ఆన్‌లైన్‌లో దొరికే ఎం-చాట్ ఫామ్, అంటే ఆటిజం లక్షణాలున్నాయేమో చూసే ప్రశ్నల ఫామ్, 16 నుంచి 30 నెలల పిల్లలకి, ఐదేళ్లవాడికి అది నింపేసి ఫర్వాలేదులే అనుకోవద్దు. ముందు మీ పిల్లల డాక్టర్‌కి చూపించండి, ఆ తర్వాత కావాలంటే హోసూర్ రోడ్డులో నిమ్‌హాన్స్ అనే మానసిక, నరాల వైద్య ఆసుపత్రి ఉంది, అక్కడ పిల్లల సైకియాట్రీకి విడిగా డిపార్ట్‌మెంట్ ఉంది. డాక్టర్ ముందు ఆ కాసేపూ కొంతమంది పిల్లలు బాగానే ఉంటారు, అందుకని ఈ వీడియోతో పాటు క్లాస్ టీచర్ రాసిచ్చిన నాలుగు లైన్లు కూడా పట్టుకెళ్లండి.