బిషప్ ఇచ్చి గెలిచాడు, అయినా తప్పేనా?

యాంకర్: నమస్కారం. మొన్న ఆదివారం సికింద్రాబాద్‌లో అండర్-11 చెస్ పోటీ. ఒక బాబు బిషప్‌ను శాక్రిఫైస్ చేసి, అంటే కావాలనే బలిచ్చి, గెలిచాడు. రాత్రికి సొంత కోచే పేరెంట్స్ గ్రూపులో "ఆ ఎత్తు తప్పు, కంప్యూటర్ ఒప్పుకోలేదు" అని పెట్టారు. అక్కడ రాజుకుంది గొడవ. అందరికీ సమానంగా టైమిస్తాం. అమ్మా, ముందు మీరు.

బాబు తల్లి: గెలిచొచ్చి పప్పన్నం తింటున్నాడండీ. ఆ మెసేజ్ చూసి కంచం పక్కకి—

సీనియర్ కోచ్: నేను చెప్తానమ్మా. బిషప్‌తో హెచ్7 గడిలోని బంటును కొట్టాడు, అవతలి రాజు ఆ బిషప్‌ను తిన్నాడు. గుర్రం జీ5, చెక్. రాజు వెనక్కెళ్లాడు. క్వీన్ హెచ్5. పదేళ్ల పిల్లాడు! ముద్దు పెట్టుకోవాలి!

యాంకర్: అంటే కంప్యూటర్ మన పిల్లల్లో ధైర్యాన్ని చంపేస్తోంది?

రేటెడ్ ప్లేయర్: అది కాదండీ. అప్పుడు నల్ల బిషప్ ఎఫ్5కి వస్తే, క్వీన్ దిగాలనుకున్న హెచ్7కి కాపు దొరికేది, దాడి అక్కడితో సరి. అవతలి పిల్లాడు అది చూడక రూక్, అదే ఏనుగు, జరిపాడు. దానికి కంప్యూటరే అక్కర్లేదు, లెక్క—

సీనియర్ కోచ్: లెక్కా? 1851లో లండన్‌లో జర్మన్ ఆటగాడు ఆండర్సన్ ఒక బిషప్, రెండు రూక్‌లు, చివరికి క్వీన్ కూడా ఇచ్చేశాడు! మిగిలిన రెండు గుర్రాలు, బిషప్‌తో రాజును కట్టేసి మేట్!

రేటెడ్ ప్లేయర్: సరదాగా ఆడిన ఆట సార్ అది, టోర్నమెంట్ గేమ్ కాదు.

సీనియర్ కోచ్: అయితే 1956 తీసుకో. అమెరికా ఆటగాడు ఫిషర్‌కు పదమూడేళ్లు! క్వీన్ పోతోందని తెలిసీ బిషప్‌ను ఈ6కి జరిపాడు!

బాబు తల్లి: మా నాన్నగారు క్వీన్‌ను మంత్రి అనేవారు.

యాంకర్: మంత్రిని బలిచ్చి రాజును గెలిపించడం! మన రాజకీయాల్లోనూ... (నవ్వులు) సరే. మళ్లీ అడుగుతున్నా, కంప్యూటర్ వల్లే కదా ఇదంతా?

రేటెడ్ ప్లేయర్: ఫిషర్ చివరిదాకా చూసి ఇచ్చాడు. ఇచ్చిన క్వీన్‌కు బదులు రూక్, రెండు బిషప్‌లు, బంటు వెనక్కి రాబట్టాడు. మన బాబు అలా చూశాడా అన్నదే నా—

సీనియర్ కోచ్: రష్యా ఆటగాడు కాస్పరోవ్ చూశాడా? 1999, నెదర్లాండ్స్‌లోని వైక్ ఆన్ జీ టోర్నమెంట్, బల్గేరియా ఆటగాడు టొపలోవ్ మీద డీ4లో రూక్ ఇచ్చాడు. టొపలోవ్ దాన్ని తినకుండా రాజును బీ6కి జరిపి ఉంటే ఏమీ లేదక్కడ! తిన్నాడు, ఓడాడు. అది తప్పని ఎవరైనా గ్రూపులో పెట్టారా?

రేటెడ్ ప్లేయర్: సార్, మీరు నా మాటే చెప్తున్నారు. రూక్ తినకపోతే—

సీనియర్ కోచ్: తిన్నాడుగా!

(ముగ్గురూ ఒకేసారి మాట్లాడారు.)

యాంకర్: ఒక్క నిమిషం, ఒక్క నిమిషం. అమ్మా, బాబు మళ్లీ ఆడుతున్నాడా?

బాబు తల్లి: ఆడుతున్నాడండీ. కానీ బిషప్ చేతిలోకి తీసుకుని నావైపు చూస్తున్నాడు. నాకేం తెలుసు?

రేటెడ్ ప్లేయర్: అందుకే, తప్పని చెప్పాలి కానీ పక్కన కూర్చోబెట్టుకుని, బోర్డు మీద ఎఫ్5 చూపించి—

సీనియర్ కోచ్: ఎఫ్5, ఎఫ్5! ముప్ఫై ఏళ్లుగా చిక్కడపల్లిలో నేర్పుతున్నా. పిల్లలకి ముందు దాడి నేర్పాలి, కాపు తర్వాత! రాసుకోండి—

యాంకర్: సార్ పాయింట్ క్లియర్‌గా చెప్పారు. కంప్యూటర్ సంగతి బ్రేక్ తర్వాత.

రేటెడ్ ప్లేయర్: నాకు రెండు నిమిషాలన్నారు...

సీనియర్ కోచ్: గుర్రం జీ5 పడ్డాక ఎవడైనా వణకాల్సిందే! (మైక్ ఆగింది.)